నెలాఖరు దాకా సంతకం

బుధవారం రాత్రి ప్రభుత్వాసుపత్రిలో చనిపోయిన వంటమాస్టరు కొప్పిశెట్టి సూరిబాబు, కోల్డ్ రూమ్ రికార్డులో నెలాఖరు దాకా తన సంతకాలు అప్పటికే పెట్టి ఉండడంతో, గురువారం పొద్దున ఎప్పటిలాగే డ్యూటీకి వచ్చాడు. వచ్చి ఏప్రాన్ కట్టుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. అది కాకినాడలోని నీలవేణి ఇన్ అనే హోటలు. అక్కడ ఆలస్యంగా వచ్చినవాణ్ని నిలదీస్తారు గానీ, వేళకు వచ్చినవాణ్ని ఎందుకొచ్చావని అడిగే పద్ధతి లేదు.

అతణ్ని ముందుగా చూసింది హైజీన్ సూపర్‌వైజరు హైమవతి. వంటగది రికార్డులన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. రాత్రి ఆసుపత్రిలో సూరిబాబు మొహం మీద దుప్పటి కప్పుతుంటే కళ్లారా చూసిన మనిషి కావడంతో ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. అయినా ఉద్యోగం ఉద్యోగమే. సిబ్బంది ఆరోగ్య పత్రం పట్టుకుని దగ్గరకెళ్లింది.

"జ్వరం ఉందా సూరిబాబు గారూ?"

"లేదండి."

"వాంతులు, విరేచనాలు?"

"నిన్నటితో ఆగిపోయాయండి."

దగ్గు లేదు, తుమ్ము లేదు, చెమట ఊసే లేదు. ఆ పత్రంలో గడులన్నీ ఇంత నిజాయితీగా నింపడం హైమవతికి అదే మొదటిసారి.

ఆ హోటల్లో రికార్డు ఏ రోజుకారోజు రాయరు. జీతాల రోజున అందరూ ఒకచోట దొరుకుతారు కాబట్టి, నెలకు సరిపడా ఖాళీ కాగితాల మీద అప్పుడే సంతకాలు చేయించేస్తారు. తర్వాత హైమవతి తీరిగ్గా కూర్చుని అంకెలు నింపుతుంది. ఒకే పెన్నుతో రాస్తే దొరికిపోతామని పెన్నులు మారుస్తుంది. ఓ రోజు నాలుగు డిగ్రీలు, ఓ రోజు మూడున్నర, ఆదివారం రద్దీ గనక నాలుగున్నర. అక్కడక్కడా నమ్మకం కోసం ఓ పసుపు వేలిముద్ర. ఏ రోజు కాగితం ఆ రోజు కోల్డ్ రూమ్ తలుపుకు అంటిస్తుంది. ఇంత శ్రద్ధ ఆ తలుపు లోపలి వైపు పెట్టి ఉంటే ఈ కథ లేకనే పోయేది.

ఎందుకంటే లోపల కంప్రెసర్ ఆగిపోయి చాన్నాళ్లయింది. బాగుచేయించడానికి వీల్లేదు. మెకానిక్ వస్తే బిల్లిస్తాడు, బిల్లు మీద తేదీ ఉంటుంది, ఆ తేదీకి రికార్డులో కోల్డ్ రూమ్ నిక్షేపంగా చల్లగా ఉంటుంది. అంచేత గది వేడెక్కుతూనే ఉంది, కాగితం చల్లగానే ఉంది. మంగళవారం మిగిలిన రొయ్యల కూర అందులోనే పెట్టి బుధవారం సిబ్బందికి వడ్డించారు. ముక్కున్నవాళ్లంతా పక్కకు తోసేశారు. సూరిబాబు తిన్నాడు.

గురువారం మధ్యాహ్నం సూరిబాబు భార్య నూకరత్నం వెనక గేటు దగ్గరకు వచ్చింది. శ్మశానంలో కట్టెలు పేర్చుకుని బంధువులు కూర్చుని ఉన్నారు.

"అమ్మా, మా ఆయన్ని పంపించెయ్యండమ్మా. పొద్దుగూకితే దహనం చెయ్యకూడదంటన్నారు."

హైమవతి మేనేజరు పట్టాభి గదికి పరుగెత్తింది. పట్టాభి చెడ్డవాడేం కాదు. నూకరత్నానికి టీ పంపమని ముందు క్యాంటీనుకి చెప్పి, ఆ తర్వాతే విషయంలోకి వచ్చాడు.

"పంపేద్దామమ్మా, దానికేం? ఇవాళ్టి నుంచి ఆయన సంతకాలు కొట్టెయ్. కొట్టేసిన చోట కారణం రాయాలి. ఏం రాస్తావు?"

"చనిపోయారని."

"దేనివల్ల?"

"కూర పాడై."

"ఎక్కడ పెట్టిన కూర?"

నాలుగు డిగ్రీల్లో పెట్టిన కూర పాడవదు. పాడవని కూర తిని మనిషి పోడు. పోని మనిషిని కట్టెల మీద పడుకోబెడితే అది హత్య. ఇంతదూరం వచ్చాక పట్టాభి మొహంలో నిజంగానే భయం కనిపించింది.

"మనం అలాంటి పనులు చెయ్యకూడదమ్మా," అన్నాడు.

ప్రతి కాగితం అడుగునా 'తనిఖీ చేసినవారు' అన్నచోట హైమవతి పేరే ఉంది. గీత కొడితే ముందు జైలుకెళ్లేది తనే. ఆ సంగతి తెలిసీ పెన్ను పట్టుకునే వంటగదిలోకి వచ్చింది, అంతవరకు ఆమెను మెచ్చుకోవాలి.

"కొట్టేస్తానండీ సూరిబాబు గారూ. ఇంటికెళ్లిపోదురు గాని."

"వద్దండి, మీకు మాటొస్తది."

"వాసనొస్తోందని అందరూ మానేస్తే మీరెందుకు తిన్నారండీ ఆ కూర?"

సూరిబాబు కత్తి పక్కన పెట్టాడు. "తలుపు మీద కాగితం చూశానండి. నాలుగని మీ చేత్తో రాసుంది. సదూకున్న మనిషి ఊరికే రాత్తారా, నా ముక్కే సెడిందేమో అనుకున్నానండి."

హైమవతి అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపయ్యాక పెన్నుకు మూత పెట్టేసింది.

డ్యూటీ అయ్యాక ఇంటికి పంపితే బంధువులు తగలబెట్టేస్తారు, మర్నాటి సంతకానికి మనిషి ఉండడు. అందుకని సూరిబాబును కోల్డ్ రూమ్‌లో నిలబెట్టడం మొదలుపెట్టారు. కాగితం ప్రకారం అందులో ఏదీ చెడదు. 'దుర్వాసన' అన్న గడిలో హైమవతి రోజూ 'లేదు' అని రాసింది. నూకరత్నం రోజూ గేటు దగ్గర కూర్చుంది, రోజూ టీ తాగింది. నెలాఖరుకు సంతకాలు అయిపోతాయి, అప్పుడు తీసుకుపోవచ్చని హైమవతి ఆమెకు మాటిచ్చింది. వచ్చే నెల కాగితాల కట్టలో అతనికి చోటు ఉంచకూడదని మనసులో గట్టిగా అనుకుంది కూడా.

ఈలోగా ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. వంటగదిలో అడుగు పెట్టగానే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. రికార్డు చేతికిచ్చారు. దుర్వాసన లేదని చదివి, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోళ్లలో మట్టి లేకుండా, ఒంటి మీద చెమట లేకుండా, మాటిమాటికీ నీళ్లకనీ బీడీకనీ బయటికి పోకుండా పనిచేస్తున్న సూరిబాబు ఆయనకు తెగ నచ్చాడు. జిల్లాలో వంటవాళ్లందరికీ ఇతణ్ని ఆదర్శంగా చూపించాలని, వచ్చే నెల మళ్లీ వచ్చి చూస్తానని, పేరుతో సహా నివేదికలో రాసి వెళ్లాడు.

ఇక ఆ పేరు లేకుండా వచ్చే నెల రికార్డు ఎలా ఉంటుంది? జీతాల రోజున సూరిబాబు తనంతట తనే వరసలో వచ్చి నిలబడ్డాడు. హైమవతి కట్ట ముందు పెట్టింది. అతని అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా పడ్డాయి.

నూకరత్నం ఆ రోజు ఆటో మాట్లాడుకుని వచ్చింది. విషయం చెప్పడానికి హైమవతి ఫైలు చంకలో పెట్టుకుని గేటు దాకా వెళ్లింది. తిడుతుందనుకుంది, జుట్టు పట్టుకుంటుందనుకుంది. పట్టుకుంటే బాగుండుననీ అనుకుంది. నూకరత్నం అంతా విని, ఆటోవాడి వైపు చూసి, కొంగు సర్దుకుంది.

"పోన్లెండమ్మా. బతికున్నప్పుడు మాత్రం ఇంటి పట్టునెప్పుడున్నాడు? పండక్కీ ఇక్కడే, పిల్ల పురిటికీ ఇక్కడే. నాకేం కొత్త కాదు."

రెండడుగులు వేసి మళ్లీ ఆగింది.

"ఏళకింత అన్నం పెడతన్నారా అమ్మా? ఏడిగా?"

హైమవతి ఫైలు తెరిచింది. సిబ్బంది భోజనం గడితో సహా వచ్చే నెల మొత్తం నింపేసి ఉంది.

"రోజూ వేడిగానే పెట్టామమ్మా. రాసి ఉంది."

నూకరత్నానికి చదవడం రాదు. ఆ కాగితాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

"మీరు రాశారంటే పెట్టే ఉంటారమ్మా," అని ఆటో ఎక్కింది.