వీడ్కోలు కేకుల విభాగం

శాశ్వతోద్యోగం మనిషిని చెడగొడుతుంది. ఈ మాట ఊరికే అనడం లేదు. కారణాన్నీ ఫలితాన్నీ వరుసగా పేర్చి నిరూపించడానికే ఈ వ్యాసం. రేపు కూడా తన కుర్చీ తనకే ఉంటుందని తెలిసినవాడు ఇవాళ అందులో వెనక్కి వాలతాడు. వాలినవాడికి కునుకు పడుతుంది. కునికేవాడు కొత్తది కనిపెట్టడు. కనుక సైన్సు వర్ధిల్లాలంటే ముందు శాస్త్రవేత్త కింది కుర్చీని లాగెయ్యాలి!

ఈ సూత్రాన్ని లండన్‌లో పేరు చెప్పనక్కర్లేని ఒక మెడికల్ స్కూల్ పాథాలజీ విభాగం ఎంత నిష్ఠగా పాటిస్తున్నదో చెబుతాను. నా ఆధారం మనోజ్ఞ.

మనోజ్ఞది హన్మకొండ. ఇక్కడ లండన్ శివారు వాట్‌ఫర్డ్‌లో మా పక్క ఫ్లాట్. వయసు ముప్ఫై తొమ్మిది. డాక్టరేటు పుచ్చుకున్న నాటినుంచి ఎనిమిదేళ్లుగా పొద్దున్నే రైలెక్కి ఆ విభాగానికి వెళుతోంది. అక్కడ ఆమె చేసేది ఉద్యోగమనుకునేరు. కాదు, శిక్షణ! పోస్ట్‌డాక్టోరల్ ట్రైనింగ్. దానికి ఇంతవరకు అయిదు కాంట్రాక్టులు.

రోగుల మూత్రపిండాల నుంచి తీసిన చిన్న ముక్కలు మైనపు దిమ్మల్లో భద్రంగా ఉంటాయి. వాటిని వెంట్రుక కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఏ కిడ్నీ త్వరలో చేతులెత్తేస్తుందో, ఏది ఇంకో ఇరవై ఏళ్లు నెట్టుకొస్తుందో ముందే పసిగట్టే పద్ధతి ఆమె చేతుల్లో రూపుకడుతోంది. అది తేలితే అనవసరంగా ఘాటైన మందులు మింగే వేలమందికి ఆ బాధ తప్పుతుంది. ఇంత పని చేస్తున్న మనిషిని ఉద్యోగి అని పిలిస్తే ఆమెకు గర్వం రాదూ?

ఆమె అత్తగారు సావిత్రమ్మకు ఈ సూక్ష్మం అందదు.

"ఇంకా ట్రైనింగేనా బిడ్డా? మా అన్న కొడుకు ఆర్టీసీల ఆరు వారాలు ట్రైనింగ్ చేసిండు, బస్సు చేతికిచ్చిన్రు. నీకు గా కిడ్నీ ఎప్పుడిస్తరు?"

"కిడ్నీ ఇయ్యరత్తమ్మా. ఎక్స్‌టెన్షన్ ఇస్తరు," అంటుంది మనోజ్ఞ, చపాతీ తిప్పుతూ.

ఈ ఏర్పాటు వల్ల కలిగిన మేలు చూడండి. కాంట్రాక్టులో మిగిలిన నెలలు చూసి బ్యాంకు ఇంటిలోను ఇవ్వలేదు. ఇల్లు లేదు కనుక పెరడు లేదు. పెరడు లేదు కనుక ఆదివారం గడ్డి కోసే పని లేదు. ఆ పని లేదు కనుక ఆదివారం కూడా ఆమె ల్యాబ్‌కే వెళుతుంది. ఒక్క కాగితం నుంచి ఎంత సైన్సు పుట్టిందో గమనించారా?

విభాగం ఆమె ఎదుగుదలను కూడా పట్టించుకోకపోలేదు. 'అనిశ్చితిని తట్టుకోవడం' అన్న వర్క్‌షాప్‌కు మూడుసార్లు పంపింది. మూడుసార్లూ వేర్వేరు బోధకులు. ముందటి బోధకుల కాంట్రాక్టులు అప్పటికే ముగిసిపోయాయట.

ఇక ఆ విభాగపు ఆచారం గురించి చెప్పాలి. ఎవరి కాంట్రాక్టయినా ముగిసే శుక్రవారం టీ రూములో కేకు కోస్తారు. అందరూ సంతకాలు చేసిన కార్డు చేతిలో పెడతారు. మనోజ్ఞ ఎక్స్‌టెన్షన్ మాత్రం ప్రతిసారీ ఆ తర్వాతి సోమవారమే వస్తుంది. ఎందుకంటే సంతకం పెట్టవలసిన కమిటీ నెలాఖరు దాటాకే కూడుతుంది. పర్యవసానం? శుక్రవారం కన్నీళ్లతో సాగనంపిన మనిషికే సోమవారం గుడ్ మార్నింగ్! అలా ఆమెకు నాలుగు వీడ్కోళ్లు జరిగాయి. బతికుండగానే తన గురించి ఇన్ని మంచి మాటలు నాలుగుసార్లు వినే అదృష్టం శాశ్వతోద్యోగికి ఎక్కడిది?

నాలుగోసారి ఒక పొరపాటు జరిగింది. కార్డును ఖాకీ కవరులో పెట్టి బల్ల బల్లకూ రహస్యంగా తిప్పుతారు. ఎవరికోసమని అడగడం అక్కడ మర్యాద కాదు. ఆ వారమే గ్రేమ్ అనే ముసలి టెక్నీషియన్ రిటైరవుతున్నాడు కనుక తిరిగే కవర్లు రెండు. సెక్రటరీ జానెట్ హడావిడిలో ఒకటి మనోజ్ఞ బల్ల మీద పెట్టేసింది. మనోజ్ఞ అది గ్రేమ్‌దే అనుకుంది. ఒక చేతిలో స్లైడు పట్టుకొని, మిగతావాళ్లు రాసింది చదవకుండానే, రెండో చేత్తో కార్డు మూలన రాసింది: 'మీరు లేకపోతే ఈ ల్యాబ్ నడవదు. ఆ సంగతి ఇక్కడ ఎవరూ మీకు చెప్పలేదనుకుంటాను.' కింద సంతకం పెట్టడం మరిచిపోయింది.

శుక్రవారం విభాగాధిపతి ప్రొఫెసర్ విట్‌కూమ్ కళ్లజోడు సవరించుకొని, మనోజ్ఞ వీడ్కోలు కార్డులోంచి ఆ వాక్యమే గట్టిగా చదివాడు. "ఎంత అందంగా రాశారో! ఎవరిదీ మాట?" అన్నాడు.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనోజ్ఞ కేకు ముక్క నోట్లో పెట్టుకుని, దాన్ని చాలాసేపు నమిలింది.

"మరి చెప్పొద్దా, అది నేనే రాసిన్నని?" అని ఆ రాత్రి భర్త అభిజిత్‌ను అడిగిందట.

"చెప్తే ఏమైతది? హ్యాండ్‌రైటింగ్ బాగుందంటరు," అన్నాడతను.

ఈ వసంతంలో ఆ విభాగంలో ఒక శాశ్వతోద్యోగం పడింది. పని వివరాలు చదివితే మనోజ్ఞ ఎనిమిదేళ్ల దినచర్యను ఎవరో పక్కన నిలబడి రాసుకున్నట్టుంది. ఆమె దరఖాస్తు పెట్టింది. జీవితంలో మొదటిసారి ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని ఆ భవనంలోకే అతిథిలా వెళ్లింది. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఉద్యోగం మాత్రం వేరే ఊరినుంచి వచ్చిన ఒక యువకుడికి ఇచ్చారు.

కారణం ప్రొఫెసరే స్వయంగా, ఎంతో బాధపడుతూ వివరించాడు. "నీ పని అద్భుతం, మనోజ్ఞా. కానీ ఇంతకాలం శిక్షణలోనే ఉన్నవాళ్లు స్వతంత్రంగా పనిచేయగలరా అని కమిటీకి సందేహం వచ్చింది. అన్నట్టు, అతనికి నువ్వు రంగు పట్టించే ఆ స్టెయినింగ్ పద్ధతి రాదట. నేర్పించడానికి ఆరు నెలల ఎక్స్‌టెన్షన్ తెప్పిస్తాను, సరేనా?"

తర్కం గమనించారా? ఎక్కువ నేర్చుకున్నందువల్ల ఆమె ఉద్యోగానికి పనికిరాదు. ఆ ఉద్యోగం వచ్చినవాడికి నేర్పడానికి మాత్రం ఆమె తప్ప ఇంకొకరు పనికిరారు. ఇంత పకడ్బందీ తర్కాన్ని నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ చూడలేదు.

శుక్రవారం అయిదో కేకు కోశారు. సోమవారం యథావిధిగా ఎక్స్‌టెన్షన్ వచ్చింది. మనోజ్ఞ దానికి మూడు వాక్యాల జవాబు రాసింది: ధన్యవాదాలు, నాకు వద్దు, స్లైడ్లన్నీ క్రమంలో ఉన్నాయి. పంపేముందు నాకు చూపించింది.

"ఇంగ్లీషుల తప్పులున్నయా ఆంటీ?"

"లేవమ్మా. మర్యాద కొంచెం ఎక్కువైంది."

"అది తీసేస్తే ఇంకేం మిగల్దు ఆంటీ," అని బటన్ నొక్కేసింది.

ఇప్పుడామె స్లౌ అనే ఊళ్లో ఒక మందుల కంపెనీలో లేబుళ్లు సరిచూసే ఉద్యోగంలో ఉంది. శాశ్వతోద్యోగమే. సాయంత్రం అయిదున్నరకు ఇంట్లో ఉంటుంది. సావిత్రమ్మ సంతోషించింది. విభాగం వార్షిక నివేదికలో 'మా శిక్షణ ఫలితాలు' అన్న శీర్షిక కింద, నవ్వుతున్న మనోజ్ఞ ఫొటో వేశారు.

పని ఆగిపోయిందని ఎవరూ బెంగపెట్టుకోనక్కర్లేదు. మైనపు దిమ్మలు ఉన్నచోటనే ఉన్నాయి. శాశ్వతోద్యోగం వచ్చిన యువకుడికి స్టెయినింగ్ రాదు కనుక వాటికోసం ఒక కొత్త అమ్మాయిని తీసుకున్నారు. చురుకైనదే. ఆ రంగు సరిగ్గా పట్టించడం నేర్చుకోవడానికి మనోజ్ఞకు రెండేళ్లు పట్టింది. ఈ అమ్మాయి కాంట్రాక్టు ఏడాదిన్నర.

కాబట్టి కిడ్నీ జబ్బుతో ఉన్న పాఠకులకు నా మనవి. మీ డాక్టరు "దీనిమీద పరిశోధన జరుగుతోంది" అంటే దయచేసి అనుమానించకండి. నిజంగానే జరుగుతోంది. ప్రతి ఏడాదిన్నరకూ, మొదటినుంచి జరుగుతోంది.