అత్తగారి కుడి మోకాలు

ఆ ఉదయం ఇంజనీరు కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి ఆసుపత్రిలో తన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూపించాలి, పన్నెండింటికి ఆర్డరుతో బయటపడాలి. సూది గుచ్చకుండా, ఒంటిని తాకకుండా, వాపున్న చోటి వేడిని ఎర్రగా చూపించే ఆ కెమెరా మీద ఆమె రెండేళ్లు పనిచేసింది. తీరా బయలుదేరేవేళకు, వస్తానన్న రోగి రానని ఫోన్ చేశాడు.

"నా ఎడమ మోకాలు ఏడాదిగా వాచే ఉందిగా. నేనొస్తా పద," అంది అత్తగారు.

ఆవిడ ఉత్తచేతులతో రాలేదు. ఇద్దరికీ పొగలు కక్కే అన్నం క్యారేజీలో సర్ది, టాక్సీలో దారి పొడుగునా దాన్ని కుడి మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది.

ఐదుగురు డాక్టర్ల ముందు తెర వెలిగింది. ఎడమ మోకాలు కాస్త నారింజ రంగులో ఉంది. కుడి మోకాలు కుంపటిలా ఎర్రబడి ఉంది.

"నొప్పి కుడికాలికే కదమ్మా?" అడిగాడు పెద్ద డాక్టరు.

కోడలి మొహం పాలిపోవడం అత్తగారు చూసింది. "కుడికాలికే బాబూ. ప్రాణం తోడేస్తోంది," అని, వాళ్లకు నమ్మకం కుదరడానికి కుడికాలు కుంటుతూ గది చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"ఏంటత్తయ్యా ఇది?" కోడలు గొణిగింది.

"నువ్వూరుకో. నీ పరువు నేను చూసుకుంటా."

డాక్టర్లు ఎక్స్‌రే రాశారు, మోకాలిలోకి ఇంజెక్షన్ రాశారు. నర్సు సూది పట్టుకొచ్చేసరికి అత్తగారికి నొప్పి తగ్గిపోయింది. "ఇప్పుడు హాయిగా ఉంది బాబూ. కావాలంటే మళ్లీ చూడండి."

చూశారు. ఈ అరగంటలో కుడి మోకాలు చల్లారి నీలంగా మారింది.

"అంటే, దీని ముందు కూర్చుంటేనే తగ్గిపోయిందా?" పెద్ద డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

కోడలికి ఇక దాచడం చేతకాలేదు. "సార్, అది క్యారేజీ వేడి. ఈ కెమెరా చూస్తుందంతే, నయం చెయ్యదు."

"కనిపెట్టినవాళ్లకు ఆమాత్రం అణకువ ఉండాలమ్మా," అంటూ ఆయన నాలుగు రోజులుగా పట్టేసిన తన మెడను కెమెరా వైపు తిప్పాడు. పది నిమిషాలయ్యాక అటూ ఇటూ ఊపి చూసుకున్నాడు. "తేలిగ్గానే ఉందయ్యా." మిగతా నలుగురూ ఆయన వెనక వరస కట్టారు.

కోడలు ఇంకో మూడుసార్లు నిజం చెప్పింది. చెప్పినకొద్దీ, రెండు కెమెరాలతో మొదలైన ఆర్డరు ఆరుకు చేరింది.

"ఇంకోసారి చెప్పు, పది చేస్తారు," అంది అత్తగారు చెవిలో.

సాయంత్రానికి ఆర్డరు కాగితం వచ్చింది, చివర ఒకే ఒక్క సందేహంతో: కెమెరాను పరగడుపున వాడాలా, భోజనం తర్వాతా?