కోటు లోపలి నీరు ఎవరిది?

విధి నిర్వహణలో సైకిలు తొక్కు సిబ్బంది ఇకపై వానకు తడవరాదని ఆసుపత్రి సూపరింటెండెంటుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వు నకళ్ళు స్టోర్సుకు, ల్యాబుకు, నోటీసు బోర్డుకు వెళ్ళాయి. వానకు పంపడం మాత్రం మరిచారు. అందుచేత అది యథాప్రకారం కురుస్తూనే ఉంది.

సైకిలు తొక్కే సిబ్బంది అంటే ఏదో పటాలం అనుకునేరు. ఒక్క నర్సమ్మే. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి ఇంజెక్షన్లు ఇచ్చి, కట్లు మార్చి రావడం ఆమె పని. ఏటేటా పొడిగిస్తే ఉండే ఉద్యోగం, లేకపోతే ఊడే ఉద్యోగం. పొడిగించాలా వద్దా అన్నది రోగుల ఇళ్ళవాళ్ళు నింపే ఫారాలను బట్టి తేలుతుంది. ఆ ఫారంలో సూది నొప్పి పెట్టిందా అన్న ప్రశ్న లేదు. నర్సు చూడ్డానికి ఎలా ఉంది అన్న ప్రశ్న ఉంది.

ఎముకలు కొరికే చలిలో, వాన మొహాన కొడుతుంటే, రోజుకు పది ఇళ్ళు తిరిగే మనిషి ఏం తొడుక్కోవాలన్నది అప్పటిదాకా ఆసుపత్రి పట్టించుకోలేదు. కాబట్టి అంతా సవ్యంగానే నడిచింది. పట్టించుకున్నది నర్సమ్మ అత్తగారు. ఒంటికి అంటుకుని పలచటి ఉన్ని బనియను, దాని మీద కొడుకు పాత చొక్కా వేయించింది. భోజనాల బల్ల మీది ఆయిల్‌క్లాతు తీసి, నడుమ తల పట్టేంత కన్నం కోసి, అంచులు మడిచి కుట్టి, ముందు కొసలకు రెండు ఉచ్చులు పెట్టింది. ఉచ్చులు హ్యాండిలుకు తగిలిస్తే గుడ్డ గొడుగులా పరుచుకుంటుంది, కిందనుంచి గాలి ఆడుతుంది. మేజోళ్ళ మీద రొట్టెలొచ్చే ప్లాస్టిక్ సంచులు, ఆపైన బూట్లు. చేతులకు ఉన్ని గ్లవుజులు, వాటి మీద గిన్నెలు తోముకునే పసుప్పచ్చ రబ్బరు గ్లవుజులు.

"చూసినవాళ్ళు నవ్వుతారేమో అత్తయ్యా," అంది నర్సమ్మ మొదటిరోజు.

"నవ్వనీవే. నవ్వేవాళ్ళు కిటికీ లోపలుంటారు, నువ్వు బయటుంటావు. వేళ్ళు కొయ్యబారితే ఆ సూది ఎక్కడ గుచ్చుతావు?"

అసలు కథంతా ఆ వేళ్ళలోనే ఉంది. ఆమె రోగుల్లో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. రోజు విడిచి రోజు నరానికి ఇంజెక్షను పడాలి. ఆయన నరాలా, దారప్పోగులు. వెచ్చటి వేళ్ళతో నిదానంగా తడిమితే తప్ప చిక్కవు. ఒక్క గుచ్చుకే పని కానిచ్చేది ఈ నర్సమ్మ ఒక్కతే. ఆ సంగతి మాస్టారికి తెలుసు. ఫారం నింపేది మాత్రం ఆయన కోడలు. "ఇంజెక్షనుకు మనిషి వస్తుందనుకుంటే దిష్టిబొమ్మ వస్తోంది. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు" అని ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపింది.

సూపరింటెండెంటుగారు చలించిపోయారు. పోర్టికోలో కారెక్కి పోర్టికోలో దిగేవారు కావడం చేత వారికి వాన విషయంలో ఎలాంటి పక్షపాతమూ లేదు. వెంటనే పైన చెప్పిన ఉత్తర్వు ఇచ్చి, దుస్తుల ఎంపిక సమావేశం పెట్టి, వేడి కాఫీ తెప్పించి, లేచి నిలబడ్డారు.

"దుస్తులనగా దేహమును కప్పునవి కావు, సంస్థను చూపునవి! మన నర్సు వీధిలో వెళుతూ ఉంటే వాన సిగ్గుతో తలవంచుకోవాలి!"

అందరూ బల్లలు చరిచారు. నమూనాకు ఏడు రకాల వానకోట్లు వచ్చాయి. ఆరింటి రంగు అంబులెన్సు రంగుతో కలవనందున తిరస్కరించారు. ఏడోదాన్ని హ్యాంగరుకు తగిలించి, మొక్కలకు నీళ్ళుపోసే డబ్బాతో పావుగంట కుమ్మరించారు. లోపల హ్యాంగరు ఒక్క చుక్క తడవలేదు. సైకిలు తొక్కమంటే తొక్కలేదు గాని, ఫిర్యాదు కూడా చెయ్యలేదు. కొలతలకు నర్సమ్మను పిలిపించి నిటారుగా నిలబెట్టారు.

"సైకిలు మీద ముందుకు వంగుతాను కదా సార్, చేతులు చాపి ఒకసారి చూస్తాను."

"ఆసుపత్రి కోటులో వంగడమేమిటమ్మా!" అని ఆయన నొచ్చుకున్నారు.

మర్నాడు నర్సమ్మ ఆ కోటు తొడిగి, జతగా ఇచ్చిన తోలు గ్లవుజులు వేసుకుని బయల్దేరింది. చేతులు చాపగానే కోటు చేతులు జానెడు వెనక్కి పోయాయి. తల తిప్పితే టోపీ తిరగలేదు. వెనక లారీ వస్తోందో లేదో ఆ టోపీకే తెలియాలి. ఎత్తు ఎక్కేసరికి ఒళ్ళంతా చెమట. కోటు మాత్రం మాట తప్పలేదు. బయటి చుక్కను లోపలికి రానివ్వలేదు, లోపలి చుక్కను బయటికి పోనివ్వలేదు. ఎత్తు దిగేటప్పుడు ఆ చెమటే చల్లబడి వీపున మంచుగడ్డ పెట్టినట్టయింది. తోలు గ్లవుజులు తాగగలిగినంత నీళ్ళు తాగాయి.

మాస్టారి చెయ్యి పట్టుకుంటే ఆమె వేళ్ళకు స్పర్శ లేదు. మొదటి గుచ్చు తప్పింది. రెండోదీ తప్పింది. మూడోదానికి పని అయింది గాని మోచేతి మడతలో నల్లగా కమిలి ఉబ్బింది.

"పర్లేదులేమ్మా, చెయ్యి కూడా పాతదే కదా," అన్నారు మాస్టారు, పళ్ళ బిగువున.

ఆయన ఒక్క కసురు కసిరినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. గేటు బయటికొచ్చి ఏడ్చింది. కన్నీళ్ళు ఎవరికీ కనబడకుండా ఆ టోపీ బాగా కాపాడింది. మంచిని మంచి అనాలి కదా.

కోటు లోపల తడుస్తోందని ఆమె రాసి ఇచ్చింది. సూపరింటెండెంటుగారు తేలిగ్గా తీసుకోలేదు. కోటును పిండించి, ఆ నీటిని ల్యాబుకు పంపించారు. మూడోరోజు సర్క్యులరు వెలువడింది. "సదరు నీటిలో ఉప్పు కలదు. వాన నీటిలో ఉప్పు ఉండదు. కావున కోటు లోపల లభ్యమైనది సిబ్బంది సొంత నీరు. సొంత నీటికి సంస్థ బాధ్యత వహించదు. ఇకమీదట పని వేళల్లో చెమట పట్టనివ్వరాదు."

అత్తగారు ఆ సర్క్యులరు రెండుసార్లు చదివించుకుని వింది.

"దీనికి ఏడుస్తారటే పిచ్చిదానా? మన గుడ్డే వేసుకెళ్ళు. వాళ్ళ కోటు సంచిలో పెట్టుకో. వీధి మలుపులో ఆగి మార్చుకో. వాళ్ళకి కోటు కనబడాలి, నీకు వేళ్ళు కదలాలి. అంతేగా!"

అంతే. ఆ తరవాత మాస్టారికి మళ్ళీ ఒక్కటే గుచ్చు. కోడలుగారు "ఇప్పుడు హుందాగా ఉంది, ఒక్క మరక లేదు" అని రాసింది. వానలు వెలిశాక కోటును తనిఖీ చేశారు. కుట్టు వదల్లేదు, రంగు పోలేదు, కాలరు మీద ముడత లేదు. కొన్ననాటికన్నా కొత్తగా ఉంది.

సూపరింటెండెంటుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సభ పెట్టి, నర్సమ్మకు దండ వేసి, "వానను జయించిన వస్త్రమిది!" అని గంటసేపు మాట్లాడారు. తరవాత పళ్ళెంలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఉద్యోగం పొడిగింపు. రెండోది "ఈ కోటులో నాకు ఎన్నడూ చెమట పట్టలేదు" అన్న ధ్రువపత్రం. మొదటిదాని మీద ఆయన సంతకం చేయాలంటే రెండోదాని మీద ఆమె చేయాలి. నర్సమ్మకు మాస్టారి చెయ్యి గుర్తొచ్చింది. తను పోతే ఆ చేతిని ఎవరు పట్టుకుంటారో, ఎన్నిసార్లు గుచ్చుతారో. సంతకం పెట్టేసింది. చప్పట్లు మోగాయి.

మరుసటి ఏడు అవే కోట్లతో ఇద్దరు కొత్త నర్సులు చేరారు. లోపల తడుస్తోందని మొరపెట్టుకుంటే సూపరింటెండెంటుగారు ఆ ధ్రువపత్రం చూపించి, "ఆవిడకు పట్టని చెమట మీకెందుకు పట్టింది?" అని సంజాయిషీ అడిగారు. ఆ మాట విన్నరోజు నర్సమ్మ అన్నం తినలేదు. ఇద్దరినీ ఇంటికి పిలిచి, తలెత్తకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. అత్తగారు మరో రెండు బల్లగుడ్డలు పరిచి కత్తెర తీసుకుంది.

కాబట్టి చదువరులారా, చలివాన కురిసే పొద్దున మీ వీధి మలుపులో ఏ ఆడమనిషైనా ఒంటిమీది బల్లగుడ్డ విప్పి సంచిలో కుక్కుతూ, తళతళలాడే కోటు తొడుక్కుంటూ కనబడితే కంగారు పడకండి. ఆమె వచ్చేది మీ ఇంటికే. మీరు తలుపు తీసేసరికి మీ కంటికి ఇంపుగా ఉండాలని అక్కడ ఆగింది. ఆ రెండు నిమిషాలూ తడుస్తుంది. మీరు కిటికీ తెర వేసుకోండి. చూశారంటే ఫారం నింపేటప్పుడు మీకే ఇబ్బంది.