వేధింపుల నివారణలో మంచు శాఖ సాధించిన ప్రగతి

ప్రపంచంలో మానసిక వేధింపు బొత్తిగా లేని కార్యాలయం ఒక్కటే ఉంది. దానికి అధికారిని నేను. కెనడాలోని క్విబెక్‌లో, సాగ్నే నది ఒడ్డున, మా ఊరి మంచు తొలగింపు ఫిర్యాదుల శాఖ అది. మా దగ్గర అధికారిని కూడా పేరు పెట్టి నువ్వు అనే పిలుస్తారు. అందరూ నువ్వు అనుకునే చోట వేధింపు ఎలా పుడుతుంది? (పుడుతుందనే చట్టం అంటోంది. చట్టానికి మా సంగతి తెలియదు.)

జనవరిలో మా గుమాస్తా మారియెల్ నా గదికి వచ్చింది.

"నేను భోజనాల గదిలో అడుగుపెడితే చాలు, మాటలు ఆగిపోతున్నాయి ఫెర్నాన్. నా కుర్చీ మీద రేజాన్ తన టోపీ పెడుతున్నాడు. క్రిస్మస్ నుంచి కారులో కూర్చుని తింటున్నా. ఇంక నావల్ల కాదు, మానేస్తా."

"రేజాన్ సరదా మనిషి. అంత సున్నితంగా ఉంటే ఎలా, మారియెల్?" అన్నాను. అధికారుల శిక్షణలో దీన్ని సానుభూతితో వినడం అంటారు.

అయినా నియమం నియమమే. విచారణ సంఘం వేశాను. శాఖలో అందరూ మాట వినే మనిషి కావాలి కనుక రేజాన్‌నే అధ్యక్షుణ్ణి చేశాను. (దొంగ చేతికి తాళాలిచ్చానని గిట్టనివాళ్లు అన్నారు.) ఎవరూ నోరు మెదపలేదని అతను నివేదించాడు. పదేపదే జరిగితేనే వేధింపని చట్టంలో ఉంది కాబట్టి, నిర్ధారణ కోసం ఇంకొన్నాళ్లు భరించమని మారియెల్‌ను కోరాం. పాపం, భరించింది.

ఆ తర్వాత రక్షణ చర్యలు. ఆమె బల్లను కింది అంతస్తులో, రోడ్డు మీద చల్లే ఉప్పు బస్తాల పక్కకు మార్పించాను. అక్కడ ఆమెను చూసి ఎవరూ మాటలు ఆపలేదు. ఎవరూ వెళ్లలేదు కనుక.

మార్చిలో ఆమె ఉద్యోగం మానేసింది. వీడ్కోలుకు మేపుల్ పాకం కేకు తెప్పించాను. ఆమె రాలేదు, రేజాన్ కోశాడు. శాఖలో వేధింపు సున్నాకు చేరినందుకు పైవాళ్లు నాకొక ఫలకం కూడా ఇచ్చారు.

ఈమధ్య నేను భోజనాల గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. నా కుర్చీ మీద ఉన్ని టోపీ ఉంటోంది.

"అది తీస్తావా, రేజాన్?"

"మంచుకి తడిసింది ఫెర్నాన్, ఆరబెట్టా. తప్పా?"

బయట జూలై ఎండ కాస్తోంది. ఒక్కరూ నవ్వలేదు. ఆ పూట కారులో కూర్చుని తిన్నాను. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

నియమం ప్రకారం ఫిర్యాదు శాఖాధికారికే ఇచ్చుకోవాలి. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. నా గోడు చివరిదాకా సానుభూతితో విన్నాను. అంత సున్నితంగా ఉంటే ఎలా అని మందలించి, నన్ను పంపించేశాను.