పాత కాగితం వెనక వైపు

ఆ ఉదయం ఎందుకమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరాలి. మూలన పోగైన పాత కాగితాలను పేపరు మిల్లు బండికి ఎక్కించాలి. నిన్న వచ్చిన నలభై కొత్త కట్టలను అలమారలో సర్దాలి. పదకొండింటికి తనిఖీకి వచ్చే అధికారిణికి అవి చూపించి సంతకం తీసుకోవాలి. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. నీటి సరఫరా ఆఫీసులో స్టోరు గుమాస్తాగా చేరిన మొదటి వారమే కనపడ్డవాళ్ళందరినీ "ఎందుకు?" అని అడిగి ఆ పేరు సంపాదించుకుంది.

"ఇవాళ ఒక్కరోజుకి ఎవర్నీ ఏమీ అడక్కు," అన్నాడు భర్త, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"ఎందుకు?"

ఆయన తలుపు వేసుకున్నాడు.

ప్రభుత్వం కొత్తగా ఒక నిబంధన తెచ్చింది. ఇకమీదట ప్రతి ఆఫీసూ రీసైకిల్ కాగితమే, అంటే కనీసం సగం పాత కాగితం కలిపి చేసిన కాగితమే కొనాలి. తన పాత కాగితాన్ని మిల్లుకు అప్పజెప్పాలి. ఈ రెండూ జరుగుతున్నాయో లేదో పైవాళ్ళు వచ్చి చూస్తారు. ఆ పన్నెండు పేజీల ఉత్తర్వు మీద ఆఫీసులో అందరూ చదివినట్టు సంతకం పెట్టారు. నిజంగా చదివింది మాత్రం ఎందుకమ్మ ఒక్కతే. అదీ మూడుసార్లు.

కొత్త కట్టలోంచి ఒక కాగితం లాగి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసింది. పలచటి టీ రంగులో ఉంది. ఒక మూల చిన్న నీలి చుక్క. భూతద్దం పెట్టి చూస్తే అది చుక్క కాదు, ఏదో అక్షరం తలకట్టు. ఎవరి అక్షరం? ఎవరికి రాసింది? పెళ్ళి సంబంధం ఉత్తరమా, పరీక్ష జవాబా, కరెంటు బిల్లా?

"బాబాయ్," అని అటెండర్ని పిలిచింది. ఉత్తర్వు మీది బొమ్మ చూపించింది. మూడు బాణాలు ఒకదాని తోక ఒకటి తరుముతున్నట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. "ఈ గుర్తు ఉన్నవన్నీ మిల్లు బండికి ఎక్కించెయ్యండి. నేనిప్పుడే ఆఫీసరు గారిని ఒక మాట అడిగొస్తాను."

ఆ గుర్తు పాత కాగితాల డబ్బాల మీద ఉంది. కొత్త కట్టల అట్టల మీద కూడా ఉంది. ఆ సంగతి అటెండరు గమనించాడు కానీ ఆమె "అన్నీ" అంది కదా. ముందు కట్టలు ఎక్కించాడు. వాటితోనే బండి నిండిపోయింది. డబ్బాల కోసం రేపొస్తానని డ్రైవరు వెళ్ళిపోతే, అటెండరు వాటిని హాల్లో ఒక మూలకు జరిపాడు.

ఎందుకమ్మ తిరిగొచ్చేసరికి స్టోరు గది గచ్చు అద్దంలా మెరుస్తోంది.

"బాబాయ్, కట్టలేవి?"

"మీరు చెప్పినట్టే పంపించేశానమ్మా. పైగా డ్రైవరు మెచ్చుకున్నాడు. ఇంత శుభ్రమైన చెత్త ఏ ఆఫీసులోనూ చూడలేదట."

అంతకుముందున్న కాగితం నిన్న సాయంత్రమే అయిపోయింది. హాల్లో చూస్తే ఇరవై ఆరుమంది కూర్చుని ఉన్నారు. కొండవాలు వీధి వాళ్ళు. ఏళ్ళ తరబడి ట్యాంకరు వెంట పరుగెత్తి, చివరికి పైవాళ్ళ దగ్గరే మొరపెట్టుకుని, ఇన్నాళ్ళకు కుళాయి మంజూరు ఉత్తర్వు కోసం వచ్చారు. గోతులు తవ్వేవాళ్ళు రేపు పొద్దున్నే ఆ వీధికి వస్తారు. చేతిలో ఉత్తర్వు లేని ఇంటి ముందు పార వెయ్యరు. తర్వాత ఊరి అవతలికి వెళ్ళిపోతే మళ్ళీ మూడు నెలలకు గానీ ఇటు రారు.

విషయం విన్న ఆఫీసరు ముఖం ఎర్రబడింది. ఆఫీసు మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క కొత్త కాగితం ఎందుకమ్మ చేతిలో ఉంది. అది లాక్కుని దాని మీదే ఆమెకు మెమో రాసిచ్చాడు.

"వెళ్ళి తీసుకురండి! నలభైకి నలభై!"

ఎందుకమ్మ అటెండర్ని వెంటబెట్టుకుని ఆటోలో మిల్లుకు పరుగెత్తింది. కట్టలు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ మిల్లు మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"చెత్త కింద రాసుకున్నామండీ. ఒకసారి చెత్తని రాసుకుంటే దాన్ని మళ్ళీ కాగితం చేశాకే బయటికి పంపాలి."

"అది కాగితమే కదండీ!"

"పొద్దున కాగితమే. ఇప్పుడు కాదు."

"మరి ఎప్పుడవుతుంది?"

"నానబెట్టాలి, రుబ్బాలి, వడకట్టాలి, ఆరబెట్టాలి..."

బతిమాలుకోవడానికి వచ్చిన ఎందుకమ్మ అక్కడ ఆగిపోయింది. "రుబ్బడం అంటే? మన పిండి రుబ్బినట్టేనా? మరి సిరా ఎటు పోతుంది? అక్షరాలు మిగిలిపోతే?"

పదహారేళ్ళ ఉద్యోగంలో మేస్త్రీని ఈ ప్రశ్నలు అడిగిన మనిషి లేడు. ఇంట్లో భార్య సైతం అడగలేదు. అతని కళ్ళు వెలిగాయి. "రండమ్మా, చూపిస్తాను," అని లోపలికి తీసుకెళ్ళాడు. గదంత తొట్టి, దాని అడుగున తిరిగే రెక్కలు, సబ్బు నురగలో తేలి పక్కకు పోయే సిరా, అన్నీ చూపించాడు. ఎందుకమ్మ తొట్టి అంచు పట్టుకుని తొంగి చూస్తూ అడుగుతూనే ఉంది. అతను చెబుతూనే ఉన్నాడు.

"అమ్మా, పదిన్నర దాటింది," అన్నాడు అటెండరు.

"ఒక్క నిమిషం బాబాయ్. ఏమండీ, కాగితం నీళ్ళలో పడగానే విడిపోతుందా, కొంచెం మొరాయిస్తుందా?"

"చెబితే ఏం తెలుస్తుందమ్మా, చూడండి," అంటూ మేస్త్రీ ఉత్సాహంగా మీట నొక్కాడు. గుమ్మం దగ్గర కట్టల కింద ఉన్న బెల్టు పట్టా తొట్టివైపు కదిలింది. నలభై కట్టలూ ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వచ్చి తొట్టిలో దూకాయి.

ఏమాత్రం మొరాయించలేదు.

ఇద్దరూ ఆటో ఎక్కి ఆఫీసుకు తిరుగుముఖం పట్టారు. ఉద్యోగం పోతే పోయింది, ఆ ఇరవై ఆరిళ్ళ వాళ్ళకు ఏ ముఖంతో చెప్పడం అన్నదే ఎందుకమ్మ బాధ. తీరా వచ్చి చూస్తే హాల్లో అందరి చేతుల్లోనూ ఉత్తర్వులు రెపరెపలాడుతున్నాయి. ఆఫీసరు కుర్చీలో తనిఖీ అధికారిణి కూర్చుని ఉంది.

జరిగిందేమిటంటే, ఆ వీధి డ్రిల్లు మాస్టారు ఇక ఊరుకోలేక లేచి, పాత కాగితాల డబ్బాలోంచి ఒకటి తీసి, "వెనక వైపు ఖాళీయే కదండీ, దీనిమీద కొట్టండి," అన్నాడు. మిగతావాళ్ళు ఆఫీసరు చుట్టూ మూగారు. ఆయన గబగబా ఇరవై ఆరు పాత కాగితాలు ప్రింటర్లో పెట్టించాడు. వాటి ముందు వైపు ఏముందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

"కొత్త కాగితం ఎక్కడమ్మా?" అని అడిగింది అధికారిణి.

"మిల్లులో మేడం," అంది ఎందుకమ్మ. "నానుతోంది."

అధికారిణి ఒక ఉత్తర్వు చేతిలోకి తీసుకుంది. "సరే. ఇందులో పాత కాగితం ఎంత?"

"మొత్తం పాతదే మేడం."

"నూటికి నూరా? ఇప్పటిదాకా ఏ ఆఫీసూ అరవై దాటలేదే!" ఆమె ముచ్చటపడి కలం తీసింది. ఆఫీసరు ఛాతీ పొంగింది.

సరిగ్గా అప్పుడే డ్రిల్లు మాస్టారు తన ఉత్తర్వు తిప్పి చూసుకున్నాడు. "ఇదేమిటి, నా చేతిరాత! నాలుగేళ్ళ కిందట నేనిచ్చిన అర్జీ! అందినట్టు ముద్ర కూడా వెయ్యలేదే!"

హాలంతా ఒక్కసారిగా కాగితాలు తిప్పింది.

"అక్కా, నీ వెనక నేనున్నాను!"

"నా దాంట్లో మా మామయ్య ఉన్నాడు!"

"మరి నేనెవరి వెనక ఉన్నానో కొంచెం చూడండర్రా!"

మూల కూర్చున్న ఒకావిడ తనకు వచ్చింది అర్థం కాక తెచ్చి అధికారిణికి ఇచ్చింది. ఆమె పైకి చదివింది. "కొండవాలు వీధి నుంచి ఈ నాలుగేళ్ళలో ఒక్క అర్జీ కూడా అందలేదని మనవి." కింద ఆఫీసరు సంతకం ఉంది.

ఆఫీసరు చెయ్యి చాచాడు కానీ ఆమె ఆ కాగితం వదల్లేదు.

అధికారిణి రెండు నివేదికలు రాసింది. కాగితం నిబంధన విషయంలో ఈ ఆఫీసుకు మొదటి స్థానం ఇచ్చింది. ఆఫీసరు గురించి రాసింది వేరే కవర్లో పెట్టింది. కొన్న కాగితం నమూనా ఒకటి జతపరచాలని ఉత్తర్వులో ఉంది. ఉన్నది ఒక్కటే కాబట్టి ఎందుకమ్మ మెమో కాస్తా నమూనాగా వెళ్ళిపోయింది. మర్నాడు కొండవాలు వీధిలో ఇరవై ఆరు గోతులు పడ్డాయి. వారం తిరక్కుండా ఆఫీసరుకు బదిలీ వచ్చింది.

ఇక మీదట ప్రతి ఆఫీసూ ఇలాగే పాత కాగితాల వెనక వైపు వాడాలని పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. దిగిన సాయంత్రం నుంచే ఊళ్ళో ఆఫీసర్లందరూ తమ పాత కాగితాలను సంచుల్లో కుక్కి ఇళ్ళకు మోసుకుపోవడం మొదలుపెట్టారు. ఏ డబ్బా చూసినా ఖాళీయే. మిల్లు బండి రోజూ ఊరంతా తిరిగి ఉత్తినే వెనక్కి పోతోంది.

అయినా ఆఫీసులకు రీసైకిల్ కాగితం పంపక తప్పదు కాబట్టి, మిల్లువాళ్ళు ఇప్పుడు తెల్లటి కొత్త కాగితం కొని నానబెడుతున్నారు.