తొమ్మిది నిమిషాలూ, పన్నెండు బూరెలూ

బుధవారం పొద్దున భార్గవ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండు గంటలకు పంజాగుట్ట ప్రివ్యూ థియేటర్లో పదిహేను మంది విమర్శకులకు తన మొదటి సినిమా ‘ఎడమొహం’ చూపించాలి. రెండు గంటలపాటు హాల్లో ఎవరూ దగ్గకుండా చూసుకోవాలి. అంతే.

మాటలు మానేసిన ఓ బావా బావమరిది కథ అది. అందులో తొమ్మిది నిమిషాల భోజనాల సీనుంది. ఇద్దరూ కెమెరాకు వీపులు పెట్టి అన్నం తింటారు. మాట లేదు, పాట లేదు, పెరుగు జుర్రిన చప్పుడైనా లేదు. కోసెయ్యమని అందరూ మొత్తుకున్నా అతను వినలేదు. మూడేళ్ళ కష్టమంతా ఆ మౌనంలోనే ఉందని అతని నమ్మకం. శుక్రవారం విడుదల. రివ్యూలు బాగుంటేనే సోమవారం నుంచి కూడా ఆటలుంటాయని థియేటర్ల వాళ్ళు ముందే చెప్పేశారు.

కథ కోసం భార్గవ్ ఎక్కడికో పోలేదు. అక్క భావన పెళ్ళిలో, రెండో బంతిలో కూర్చున్న మేనమామ రాఘవయ్య విస్తట్లో పూర్ణం బూరె పడలేదు. “పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చిన మేనమామకు బూరె లేదా?” అని ఆయన లేచిపోయాడు. “అయిపోతే నన్నేం చెయ్యమంటాడు?” అని నాన్న వీరవెంకటసత్యనారాయణ బిగుసుకుపోయాడు. అమీర్‌పేటలో రెండు వీధుల ఎడంలో ఉంటూ ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

పదిన్నరకు పబ్లిసిటీ చూసే దినేశ్ చెమటలు కక్కుతూ వచ్చాడు. “అన్నా, ఆరుగురే వస్తున్నరట. హాలు గిట్ల ఖాళీగ ఉంటే రివ్యూ సుత గట్లనే వస్తది. జర ఇంటోళ్లనన్న పిలువు.”

భార్గవ్ మనసు కీడు శంకించింది. అయినా అమ్మకు ఫోన్ చేశాడు. “నువ్వూ నాన్నా రండి. మెట్రోలో ఒక్క స్టేషనే. నోరు మాత్రం విప్పొద్దు.”

అమ్మ నాగేశ్వరి ఆలోచన వేరు. మాట్లాడుకోని వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడానికి సినిమా హాలును మించిన చోటేముంది? మొగుడికి చెప్పకుండా తమ్ముడు రాఘవయ్యను కూడా రమ్మంది. హాల్లో లైట్లు ఆరాక ఇద్దర్నీ చివరి వరుసలో చెరో చివరా కూర్చోబెట్టి తను మధ్యలో కూర్చుంది.

భోజనాల సీను వచ్చింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, వెనక వరుసలోంచి గొంతు లేచింది.

“బూరె వేశారా అని ఒక్కడూ అడగడేంటి?”

అవతలి చివర్నుంచి జవాబు ఠక్కున వచ్చింది. “అడిగితే ఏం చెప్తారు బావగారూ? అయిపోయాయనేగా?”

“రాఘవయ్యా! నువ్వా?”

ముందు వరుసలో భార్గవ్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. లేచి అరిస్తే ఉన్న మౌనం కూడా పోతుంది. తెర మీద రెండు వీపులు, హాల్లో రెండు గొంతులు. విమర్శకులు గబగబా ఏదో రాసుకుంటున్నారు.

“ఛీ, ఊరుకోండి!” నాగేశ్వరి మధ్యలోంచి లేచింది. “బూరెలు అయిపోలేదు. తమ్ముడికి కట్టిద్దామని పన్నెండు నేనే డబ్బాలో దాచాను. అప్పగింతల ఏడుపులో మర్చిపోయాను. మూడోనాడు తెరిస్తే వాసన! అప్పటికే మీరిద్దరూ అగ్గిమీద గుగ్గిలం. భయపడి చెప్పలేదు.”

ముందు రాఘవయ్య, ఆ వెనకే సత్యనారాయణ, పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. నవ్వులోనే ఎవరో ముక్కు చీదారు. సినిమా పోతే పోయిందనుకుని భార్గవ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రెండు నవ్వులూ కలిసి వినడం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

సాయంత్రానికి రివ్యూలొచ్చాయి. ‘భోజనాల సీనులో మాటలు అద్భుతం. వెనక వరుసలోంచి వస్తున్నట్టే ఉంది శబ్దం.’ ‘ఆ తల్లి గొంతు ఎవరిదో గానీ ఏడిపించింది.’ ఆరుగురిలో ఐదుగురిదీ ఇదే పాట. ఆరో ఆయన మాత్రం, వెనక ఎవరో కుటుంబం గోల చేసి సినిమా చూడనివ్వలేదని ఒక్క స్టార్ ఇచ్చాడు. సినిమా చూడటం రాదని కామెంట్లలో జనం ఆయన్ని ఉతికి ఆరేశారు.

“ఆ మాటలు నా సినిమాలో లేవు!” అన్నాడు భార్గవ్.

“శుక్రవారం నాటికి ఉంటయ్ అన్నా. ఫికర్ జెయ్యకు,” అన్నాడు దినేశ్.

గురువారం పొద్దున ఆ గొడవనే మళ్ళీ రికార్డు చెయ్యడానికి ముగ్గుర్నీ డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు కూర్చోబెట్టారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

“ముందు మీరు తిట్టండి బావగారూ.”

“చిన్నవాడివి, నువ్వే తిట్టు నాయనా.”

రెండు గంటలైనా ఒక్క కసురు పుట్టలేదు. నీరసం తీరుతుందని నాగేశ్వరి తను చేసి తెచ్చిన బూరెల డబ్బా తీసింది. పన్నెండింటిలో పదకొండు అయ్యాయి. ఒకటి మిగిలింది.

“నువ్వు తిను, రాఘవయ్యా.”

“వద్దు బావగారూ, మీరే.”

“పెట్టలేదని ఊరంతా టముకు వేశావుగా, తిను!”

“అలా దెప్పితే నేనెందుకు తింటాను? అప్పుడూ ఇంతే మీరు!”

“అప్పుడేంటోయ్ అప్పుడు?”

“దాచింది నేనని చెప్పానా లేదా!” అని నాగేశ్వరి ఇద్దరి మీదా విరుచుకుపడింది. అద్దం అవతల దినేశ్ ఎగిరి గంతేసి రికార్డు బటన్ నొక్కించాడు. పొరపాటున లోపలే ఉండిపోయిన భార్గవ్‌ను కదలొద్దని సైగ చేశాడు.

సరిగ్గా తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఎవరికీ చెందని ఆ బూరెను, మౌనమంటే ప్రాణమిచ్చే దర్శకుడు చప్పుడు కాకుండా తినేశాడు.