బంగారు పుట్టకు దారి

ఆ ఆదివారం ఉదయం నస్రీన్ వేసుకున్న పథకంలో గొడవకు చోటే లేదు. ఆదోనిలో బస్సెక్కాలి, ఎమ్మిగనూరులో దిగాలి, గ్రంథాలయం హాల్లో ఓ ఇరవై మంది ముందు తన మొదటి నవలను విడుదల చేయించుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. పుస్తకాల కట్టలు వాళ్ళ నాయన నూర్ బాషా స్కూటర్ మీద తెస్తానన్నాడు.

నవల పేరు 'బంగారు పుట్ట కింద'. రాజుగారి కొడుకు ఎండబెట్టిన చేప ఎందుకు ఎండలేదని మోపునీ, ఆవునీ, పశువుల కాపరినీ అడుగుతూ పోతే చివరికి నేరమంతా ఒక చీమ మీద పడే కథ తెలుగు పిల్లలందరికీ తెలిసిందే. ఆ చీమ తరఫున ఎవరూ మాట్లాడలేదే అని నస్రీన్‌కు చిన్నప్పటి నుంచీ బాధ. అందుకే హైస్కూలు, ఇంటరు పిల్లలు చదువుకునేలా ఆ చీమను యువరాణిని చేసి, పుట్ట కింద ఒక రాజ్యం కట్టి, అందులో మాయలూ యుద్ధాలూ పెట్టి, ఉద్యోగం చేసుకుంటూనే ఏళ్ళ తరబడి రాసింది. ఇలాంటి నవలకు మొదటి పేజీలో పటం ఉంటే బాగుంటుందని తనే గీసింది. లోకం ఊహించినదే అయినా చెయ్యి మాత్రం తెలిసిన దారినే పోయింది. పటంలోకి ఆదోని కొండలొచ్చాయి, తుంగభద్ర కాలువ వచ్చింది, గోనెగండ్ల దగ్గర మాదన్న మామ చేను, గట్టు మీది వేపచెట్టుతో సహా వచ్చేసింది. మాదన్న నూర్ బాషాకు పాత స్నేహితుడు. నస్రీన్ చిన్నప్పుడు ఆ గట్టు మీదే కూర్చుని పచ్చి చెనిక్కాయలు తినేది. పుట్ట ఎక్కడ పెట్టాలో తోచక ఆ చెట్టు కిందే పెట్టింది.

బస్సులో సగం మంది దగ్గర పారలూ జల్లెళ్ళూ ఉన్నాయి. తొలకరి పడగానే ఈ పక్క జనం వజ్రాల కోసం చేల వెంట తిరగడం మామూలే. అయితే ఈ బస్సు అటు పోదు. ఆమె పక్కన కూర్చున్న పెద్దావిడను అడిగింది.

"వజ్రాలకైతే పత్తికొండ బస్సెక్కల్ల గదా అవ్వా?"

"వజ్రాలు ఎవురికి గావాలమ్మా," అంది ఆవిడ. పేరు సారమ్మ. "గోనెగండ్ల కాడ బంగారు పుట్ట బయటపడతాదంట. దారి గూడా ఏసినారు, సూడు."

ఫోన్లో ఫోటో చూపించింది. అది నూర్ బాషా బట్టల కొట్టు. కొట్టు ముందు తలుపంత ఫ్లెక్సీ. ఫ్లెక్సీ నిండా నస్రీన్ గీసిన పటం. పైన 'బంగారు పుట్ట కింద' అని, అడుగున 'ఆవిష్కరణ: ఈ ఆదివారం' అని ఉంది. పుస్తకమని గానీ నవల అని గానీ భూతద్దం పెట్టి వెతికినా లేదు.

నస్రీన్ వెంటనే తండ్రికి ఫోన్ చేసింది.

"నాయనా, ఫ్లెక్సీలో నవల అనే మాట యాడ పోయింది?"

"చూసినావా, బాగుండాదా? నీకు సెప్పకుండానే కట్టించినా."

"నవల అనే మాట యాడ పోయింది?"

"జాగా చాల్లేదమ్మా. కొట్టు పేరు పెట్టల్ల గదా. ఏదో ఒకటి తీసేయాలన్యాడు ఫ్లెక్సీ కొట్టే అబ్బాయి."

"తీసేదానికి అదే దొరికిందా?"

"మరి పటం తీయమంటావా? ఎంత సక్కగా గీసినావు."

ఫోన్ పెట్టేసరికి సారమ్మ ఆమెనే చూస్తోంది. "పటం గీసింది నువ్వేనా తల్లీ?"

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. నస్రీన్ ఓపిక తెచ్చుకుని అది ఉత్త కథ అనీ, పుట్టా బంగారమూ తాను ఊహించుకున్నవేననీ అందరికీ వినబడేలా చెప్పింది.

"ఏమంటాండాది?" అని వెనక సీటాయన అడిగాడు.

"ఊహించుకున్యాదంట."

"అంటే?"

"కలలో కనపడిందంట."

ఆ మాట డ్రైవరు దగ్గరకు చేరేసరికి కల వరసగా మూడు శుక్రవారాలు వచ్చింది. ఆమె దిగుతున్నప్పుడు కండక్టరు చిల్లర ఇచ్చి చిన్నగా ఒక దండం కూడా పెట్టాడు.

గ్రంథాలయంలో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. వాటిలో ఒక్క కుర్చీలోనే మనిషి ఉంది. ఆమె గ్రంథాలయం చూసుకునే శ్వేత.

"ముఖ్య అతిథి?" అని అడిగింది నస్రీన్.

"దేవేంద్రప్ప సార్ హొళగుంద నుంచి పొద్దున్నే బయల్దేరినారంట మేడం. ఫోన్ మాత్రం ఎత్తడం లేదు."

దేవేంద్రప్ప రిటైరైన తెలుగు మాస్టారు. నవల మీద మాట్లాడతానని ఒప్పుకుని, ఒక ప్రతి ముందే తెప్పించుకున్న పెద్దమనిషి. ఆయన కోసం ఎదురు చూస్తుండగా నూర్ బాషా వచ్చాడు. స్కూటర్ మీద కట్టలు లేవు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అన్నీ అయిపోయినాయమ్మా. బస్టాండు కాడ నిలబెట్టి కొనుక్కున్యారు. నా కూతురు రాసిందని ఒకాయనకు సెప్పినా, అంతే."

నస్రీన్‌కు నమ్మాలో వద్దో తెలియలేదు. తండ్రితో బస్టాండుకు పోయి చూసింది. సిమెంటు బెంచీల పొడుగునా ఆమె నవలలు పేర్చి ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ పటం ఉన్న పేజీ చింపుకుని, మిగతాది బరువని వదిలేసి పోయారు. ఒకాయన మాత్రం ఒకదాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు.

అప్పుడే నూర్ బాషాకు మాదన్న ఫోన్ చేశాడు. "బాషా అన్నా, నీ కూతురు ఏం రాసిందో ఏమో గాని, నా చేన్లో తిరనాళ్ళ మాదిరి ఉండారు జనం. మొన్న గదా పత్తి గింజలు పెట్టినాం."

తండ్రీ కూతుళ్ళు స్కూటర్ మీద గోనెగండ్ల చేరేసరికి చేను చేనుగా లేదు. వేపచెట్టు చుట్టూ గుంతలు, గుంతకొక కుటుంబం. మాదన్న భార్య సుగుణమ్మ చేతికర్రతో ఒక చివర నుంచి తరుముతుంటే జనం ఇంకో చివర నుంచి దిగుతున్నారు. ఆమె నస్రీన్‌ను చూసి ఆగింది.

"కూలోళ్ళను పెట్టి, వంగి వంగి ఒక్కొక్క గింజా పెట్టినాం. మళ్ళా ఎవురు పెడతారు పాపా?"

నస్రీన్ తల ఎత్తలేకపోయింది. "నేనే పెట్టిస్తా అత్తా. ముందు వీళ్ళను పంపిస్తా."

గట్టెక్కి మళ్ళీ నిజమే చెప్పింది. అది నవల అంది. చీమ తను కల్పించిన చీమ అంది. బంగారం లేదు, పుట్ట కూడా లేదు, కావాలంటే చూసుకోమంది. జనం శ్రద్ధగా విన్నారు. విని, ఇంత గట్టిగా లేదంటోందంటే తప్పకుండా ఉందని తేల్చుకుని మరింత లోతుగా తవ్వారు.

దగ్గరలోని గుంతలో పంచె ఎగగట్టి, కళ్ళద్దాలు తుడుచుకుంటున్న పెద్దాయనను చూసి ఆమె గట్టు అంచుకు వచ్చి వంగింది.

"దేవేంద్రప్ప సార్, మీరా? హాల్లో మీకోసం సూస్తాండామే."

"వస్తానమ్మా, ఒక్క మూర లోతు అయినాక వస్తా."

"మీరు పుస్తకం సదివినారు గదా సార్?"

"రెండు తూర్లు సదివినా," అన్నాడాయన. "అందుకే వచ్చినా. లేనిదాన్ని అట్ల రాసేదానికి ఎవురి వల్లా కాదు."

అంతకంటే గొప్ప మెచ్చుకోలు ఏ రచయితకు దొరుకుతుంది? నస్రీన్‌కు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. పొద్దుటి నుంచీ నిజం చెప్పి చెప్పి గొంతు ఎండిపోయింది. నిజం మాటకు ఈ చేలో విలువ లేదని అర్థమైంది. కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు మార్చింది.

"సరే, వినండి. దాచిపెట్టిన మాట ఒకటుండాది. పుట్ట ఉండేది నిజమే. అయితే తెరిచిన గుంతలుంటే చీమల రాణికి కోపమొచ్చి బంగారం లోపలికి దిగిపోతాది. తవ్విన గుంత మునుపటి మాదిరి పూడ్చి, సదును చేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరినోళ్ళకే కలలో అసలు జాగా చూపిస్తాది."

పారలతో మట్టి వెనక్కి తోసే చప్పుడు మొదలైంది. బస్సులో పక్కన కూర్చున్న సారమ్మ అయితే తన గుంత పూడ్చి, చేత్తో నిమిరి, పక్కవాళ్ళ గుంతకు సాయం పోయింది. పొద్దు వాలకముందే చేను దుక్కి చేసినట్టు సాపుగా తయారైంది. జనం మెడలు బిగబట్టుకుని, ఒక్కరూ వెనక్కి చూడకుండా రోడ్డెక్కారు. పుస్తకాలమ్మిన డబ్బు మళ్ళీ గింజలకూ కూలికీ ఇస్తానని నూర్ బాషా మాదన్నకు మాటిచ్చాడు.

సుగుణమ్మ చేతికర్ర కింద పెట్టి నస్రీన్ పక్కన గట్టు మీద కూర్చుంది. "నీ రాతలో ఏదో ఉండాది పాపా. కాదనను. ఇంకో కత రాస్తే మాత్రం మా చేను పెట్టొద్దు. మా బావ చేను పెట్టు."

అంతా వెళ్ళిపోయాక కూడా చెట్టు కింద ఒక్క గుంత తెరిచే ఉంది. అందులోంచి దేవేంద్రప్ప తల ఎత్తి, గుంత పూడ్చాలన్న మాట పుస్తకంలో ఏ పేజీలోనూ లేదే అని అడిగాడు.

రాయడం మర్చిపోయానని నస్రీన్ చెప్పింది గానీ, పుస్తకం చదివిన మనిషిని నమ్మించడం ఆమె వల్ల కాలేదు.